మానిన గాయానికి వేరే నంబరు

జూన్ 11, 2007, సోమవారం

క్లాసులో అందరికంటే ముసలిదాన్ని నేనే. పాఠం చెప్పే జ్ఞానప్రకాశం సారు కూడా నాకంటే చిన్నవాడు. పక్క కుర్చీలో కూర్చున్న కర్నూలు పిల్ల సమీనా నన్ను పైనుంచి కిందికి చూసి, "ఆంటీ, ఎవర్నన్నా చేర్పించడానికి వచ్చారా?" అంది. "నన్ను నేనే చేర్పించుకోవడానికి వచ్చాను తల్లీ" అన్నాను. పాపం, నాలిక కరుచుకుంది.

బీయస్సీ జువాలజీ చదివి ఇరవయ్యేళ్ళు దాటింది. బొద్దింకని కోయడం తప్ప ఏమీ గుర్తులేదు. మెడికల్ కోడింగ్‌లో బొద్దింకలు ఉండవట. అమెరికాలో ఎవడికో కడుపునొప్పి వస్తుంది. డాక్టరు చూసి ఏదో రాస్తాడు. అది చదివి మనం ఇక్కడ దానికో నంబరు వెయ్యాలి. నంబరు సరిగ్గా ఉంటేనే ఇన్సూరెన్సు వాడు డాక్టరు బిల్లు కడతాడు. ఇంతే. దీనికి సీపీసీ అని ఒక పరీక్ష.

పాసైతే ఇక్కడే బెంగుళూరులో, మారతహళ్ళిలోనే ఒక కంపెనీలో పెట్టిస్తానని సారు చెప్పాడు. ఫెయిలైతే ఊరి చివర చందాపుర. అక్కడ మా బావగారి మెస్సులో పిండి గ్రైండరు నాకోసం నోరు తెరుచుకుని కూర్చుంది. దసరా దాకా చూస్తానని బావగారు గడువిచ్చాడు. మా సామాన్లకి ఆయన వ్యాను తీసుకొచ్చేలోపు నేను పాసవ్వాలి.

మా ఆయన చెయ్యి గురించి ఈ డైరీలో రాయను. ఫ్యాక్టరీలో ఆ ప్రెస్సు మిషన్ గురించీ రాయను. ఇది నా చదువు డైరీ.

జూన్ 14, గురువారం

మూడు పుస్తకాలు. ఒక్కోటి ఇటుకంత. రోగాలకి ఒకటి, డాక్టరు చేసే పనులకి ఒకటి, మందులకీ సామాన్లకీ ఇంకోటి. వాటిని మోసుకుని దాసరహళ్ళి నుంచి రెండు బస్సులు మారి మారతహళ్ళి వెళ్ళేసరికి భుజం పడిపోయింది. భుజం నొప్పికి 719.41. చూశారా, అప్పుడే వచ్చేసింది!

రోగాల పుస్తకం వెనకాల ప్రమాదాలకి వేరే పేజీలు ఉన్నాయి. కుక్క కరిస్తే ఒక నంబరు, బస్సు దిగుతూ పడితే ఒక నంబరు. అంతరిక్ష నౌకలో ప్రమాదం జరిగితే కూడా ఒకటి ఉంది, ఒట్టు. మా ఆయనకి చెప్తే చాలా రోజుల తర్వాత నవ్వాడు. "దాంట్లోంచి పడినోడు బిల్లు యాడికి పంపిస్తాడే?" అన్నాడు.

తర్వాతి పేజీలో ఫ్యాక్టరీ మిషన్లు ఉన్నాయి. తిప్పేశాను. పరీక్షలో రావులే.

జూన్ 20, బుధవారం

బస్సులో నిద్రపోయాను. దిగాల్సిన చోట దిగలేదు. దీనికి నంబరు లేదు, వెతికాను.

జూన్ 24, ఆదివారం

చెప్పా పెట్టకుండా అశ్వత్థప్ప బావగారు దిగాడు. మా ఆయనకి సొంత అన్న. వస్తూ మెస్సులో మిగిలిన మైసూరుపాకు తెచ్చాడు, దాంతో గోడకి మేకు కొట్టొచ్చు.

"చూడమ్మా వనజా, నలబై దాటినంక ఈ పరీచ్చలేంది? ఉండేది మీరిద్దరు. మేడమింద రూము ఖాళీగానే ఉండాది. నువ్వు లోపల పిండి పని చూసుకుంటే, శీనప్ప కౌంటరు కాడ కూచుంటాడు." తమ్ముడు ఒళ్ళో చేతి మీద కప్పుకున్న తువ్వాలు కేసి చూశాడు. "కౌంటరు కాడ వద్దులే. లోపలే కూచుంటాడు. గిరాకీలు చూస్తే ఏమన్నా అనుకుంటారు."

మా ఆయన తువ్వాలు ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. నాకు ఒళ్ళు మండింది గానీ, కాఫీ ఇచ్చాను.

తాగి తేన్చాడు బావగారు. 787.3. అత్తమామలతో సమస్యలకి కూడా నంబరు ఉంది ఈ పుస్తకంలో, వి 61.3. అందులో బావగార్లు వస్తారో లేదో రేపు సారుని అడగాలి.

జూన్ 25, సోమవారం

అడిగాను. క్లాసంతా నవ్వింది. సారు మాత్రం సీరియస్‌గా ఆలోచించి, "వస్తారనే అనుకుంటా మేడమ్" అన్నాడు. మంచివాడు.

జూలై 3, మంగళవారం

పొద్దున వెళ్ళేముందే అన్నం కలిపి ముద్దలు చేసి డబ్బాలో పెడుతున్నాను. మధ్యాహ్నం ఆయన చెంచాతో తీసుకుంటాడు. ఎడమచేత్తో చెంచా పట్టుకుంటే అది ఎడమచేత్తో తినడం కిందికి రాదట. ఎవరిచ్చిన తీర్పో గానీ మా ఇంట్లో చెల్లుతోంది. సాయంత్రం మాత్రం నేనే తినిపిస్తాను. టీవీ చూస్తూ నోరు తెరుస్తాడు, పెడతాను. పెళ్ళైన కొత్తలో కూడా ఈ ముచ్చట్లు లేవు.

ఆయన బాగానే ఉన్నాడు.

జూలై 22, ఆదివారం

పరీక్షకి పుస్తకాలు తీసుకుపోనిస్తారట! చూసి రాయొచ్చు. ఈ మాట మొదటిరోజే చెప్పి ఉంటే నేను ఇంత ఏడ్చేదాన్ని కాదు. కానీ ఐదున్నర గంటల పైచిలుకు పరీక్షలో నూట యాభై ప్రశ్నలు. వెతుక్కుంటూ కూర్చుంటే తెల్లారుతుంది. అందుకని అందరూ పుస్తకం అంచుల్లో చిన్న చిన్న అక్షరాలతో గుర్తులు రాసుకుంటున్నారు. చేత్తో రాసింది ఎంతైనా ఉండొచ్చు. కాగితం ముక్క అంటిస్తే మాత్రం పీకేస్తారు.

నాకు బస్సులకీ వంటకీ సరిపోతోంది, రాసుకునే తీరికేదీ? గొణుక్కుంటుంటే మా ఆయన, "నువ్వు చెప్పు, నేను రాస్తా" అన్నాడు.

"ఏ చేత్తో?" అనేశాను. నోరు కాదు నాది.

"ఉండేదాంతో."

డాక్టరు ఎడమచేత్తో రాయడం అలవాటు చేసుకోమని చెప్పి నాలుగు నెలలైంది. ఇన్నాళ్ళూ పెన్ను ముట్టలేదు. ఇవాళ నాలుక బయటపెట్టి మరీ రాశాడు. తాగిన చీమలు నడిచినట్టున్నాయి అక్షరాలు. ఒక్క పేజీ అంచు నింపడానికి పొద్దంతా పట్టింది. ఐటీఐలో నేర్చుకున్న ఇంగ్లీషు, స్పెల్లింగులు మాత్రం ఒక్కటీ తప్పలేదు. చూసి, "నీ పరీచ్చ పేపరు దిద్దేటోడు దీన్ని చూస్తే పారిపోతాడే" అని తనే నవ్వాడు.

ఆగస్టు 5, ఆదివారం

గుండె పేజీలు అయిపోయాయి. కిడ్నీలు అయిపోయాయి. ఆయన ఇప్పుడు నేను చెప్పేదానికంటే వేగంగా రాస్తున్నాడు. పొద్దున లేవగానే "ఇయ్యాల ఏ పార్టే?" అని అడుగుతున్నాడు. గడ్డం కూడా గీసుకున్నాడు.

ఆగస్టు 17, శుక్రవారం

సారు ఒక కేసు ఇచ్చాడు. ఎవడికో ఎప్పుడో చెయ్యి తెగింది, మానిపోయింది, ఇప్పుడు ఊరికే చూపించుకోవడానికి వచ్చాడు. నేను గాయం నంబరు వేశాను. తప్పు. ఇంకో కేసు, కాలు. మళ్ళీ గాయం నంబరే వేశాను. మళ్ళీ తప్పు. మూడోదీ అంతే.

సారు నా కాగితం పైకెత్తి చూపించాడు. "వనజగారూ, మీ పేషెంట్లు ఎప్పటికీ కోలుకోరా?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. గాయం మానిపోయాక గాయం నంబరు వేస్తే బిల్లు తిప్పికొడతారట. "మానింది, ఇక ఇంతే, ఇలాగే ఉంటుంది" అని చెప్పే నంబర్లు వేరే ఉన్నాయి. అన్నీ వి అక్షరంతో మొదలవుతాయి. ఈ సంగతి సారు చెప్పడం ఇది ఐదోసారి.

"అక్కా, నువ్వు అందర్నీ ఆసుపత్రిలోనే పెట్టేస్తాండావు" అంది సమీనా. ఆంటీ నుంచి అక్కకి దిగినందుకు క్షమించేశాను.

ఆగస్టు 26, ఆదివారం

వి నంబర్ల పేజీలు. నేను చెబుతున్నాను, ఆయన రాస్తున్నాడు. మానిన గాయానికి గాయం నంబరు వెయ్యొద్దు అని చెప్పాను. సగం రాసి పెన్ను ఆపాడు.

"అంటే మంది ఏ నంబరే?"

"మనది ఏది?"

"తెలీనట్ల అడగాకు." తువ్వాలు తీసి కుడిచెయ్యి పుస్తకం మీద పెట్టాడు.

కట్టు విప్పినప్పటి నుంచి ఆ చేతిని పగటి వెలుతురులో నేను సరిగ్గా చూడనేలేదు.

"మీది ఇంకా గాయమే. 886 కిందికి వస్తుంది" అన్నాను. ఎంత ధీమాగా చెప్పానో!

"మానిపోయిందని డాక్టరు చెప్పి ఎన్ని నెల్లాయె? చూడు. నొప్పి ల్యా, చీము ల్యా." ఎడమచేత్తో పేజీలు తిప్పి, వేలు కింద పెట్టుకుంటూ ఒక్కో మాటా చదివాడు. వి 49.62. వేలో వేళ్ళో పోయి, మానిపోయి, అట్లాగే బతుకుతున్నవాడు. "ఇదే కదే నాది?"

అదే. సరిగ్గా అదే.

ఆ నంబరు చుట్టూ గీత గీసి, "రైటు. తర్వాతది చెప్పు" అన్నాడు.

పాలు పొంగుతున్నాయని చెప్పి వంటింట్లోకి పోయాను. పొయ్యి మీద పాలు లేవు.

ఆగస్టు 27, సోమవారం

సాయంత్రం అన్నం కలుపుతుంటే కంచం తన వైపుకి లాక్కున్నాడు. ఎడమచేత్తో కలిపాడు, ఎడమచేత్తో తిన్నాడు. సగం లుంగీ మీద పడింది.

"ఛీ, ఎడమచేత్తోనా!" అన్నాను. నేనే అన్నాను. గుడికెళ్తే దేవుడి కంటే చెప్పుల మీదే ధ్యాస ఉండే నేను.

"మరి యా చేత్తో తినల్ల? జీవితమంతా నీ చేత్తోనే తింటానా?"

"తింటే ఏమైంది? నేనేమన్నా వద్దన్నానా?"

"నువ్వు వద్దనలే. నాకే వద్దు."

పెద్ద గొడవ. గిన్నె విసిరాను, ఖాళీదే. ఆయన మిగిలిన అన్నం మొత్తం తిని, కంచం తనే కడిగి బోర్లించాడు.

డైరీలో అయినా నిజం రాసుకోవాలి కదా. ఆయన సొంతంగా తింటే నాకు సంతోషం కలగలేదు. ఏడుపొచ్చింది. నా చేతిలోది ఎవరో లాక్కున్నట్టుంది. గాయమని అన్నంతకాలం ఆయన ఇంట్లో ఉంటాడు, నాకు భయం లేదు. మానిపోయిందంటే బయటికి పోతాడు. ఆయనకి తెలిసిన పని ఒక్కటే. ఎక్కడికి పోతాడో నాకు తెలుసు.

ఆగస్టు 28, మంగళవారం

మాటల్లేవు. కానీ పొద్దున పుస్తకం తెరిచి పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. ఎముకల పేజీలు చెప్పాను.

సెప్టెంబరు 12, బుధవారం

మాదిరి పరీక్ష. మానిన గాయం ప్రశ్న వచ్చింది. ఈసారి సరిగ్గా పెట్టాను. సారు "వనజగారి పేషెంటు డిశ్చార్జి!" అని అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బాత్రూంలోకి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాను.

సెప్టెంబరు 29, శనివారం

పరీక్ష అయింది. బతికున్నాను.

హాలు దగ్గర పుస్తకాలు తనిఖీ చేసే పిల్ల నా పుస్తకం తిప్పి తిప్పి చూసింది. కాగితాలేవీ అంటించలేదు కాబట్టి పీకడానికి ఏమీ దొరకలేదు. అంచుల్లో రాతలు చూసి, "ఏంటి మేడమ్, ఇంట్లో చిన్నపిల్లలు గీసేశారా?" అంది.

"మా ఆయన రాశాడు" అన్నాను. గొంతు ఎందుకంత గట్టిగా వచ్చిందో తెలీదు. చుట్టుపక్కలవాళ్ళు తిరిగి చూశారు.

ఆ తాగిన చీమలే దారి చూపించాయి. గుండె, కిడ్నీ, ఎముకలు గబగబా దొరికాయి. ఆపరేషన్ల దగ్గర ఇరుక్కుపోయాను. ఆ పేజీలు మేము సగమే రాసుకున్నాం, ఆ వారం గొడవలో పోయింది. ఆఖరి ప్రశ్నలు చదవడానికి టైము లేదు. అమ్మవారిని తలచుకుని అన్నింటికీ సి గుండ్రాలు నింపేశాను. అమ్మవారికి ఆపరేషన్లు తెలిస్తే పాసవుతాను.

అక్టోబరు 20, శనివారం

ఆయుధపూజ. పొద్దున నా మూడు పుస్తకాలకీ పసుపు కుంకుమ పెట్టాను, పక్కన కత్తిపీట. మా ఆయన తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, "గురప్ప షెడ్డుకి పోదాం పా" అన్నాడు. పీణ్యలో ఆయన ఇనప రేకులు కోసే ప్రెస్సు నడిపిన షెడ్డు. నేను తలనొప్పి అన్నాను. 784.0. "సరే, నేను పోయొస్తా" అన్నాడు. అప్పుడు తలనొప్పి తగ్గిపోయింది. ఒక్కణ్ణే ఎలా పంపుతాను?

ఆ మిషన్‌ని మొదటిసారి చూశాను. ఏదో ఏనుగంత ఉంటుందనుకున్నాను. మా బీరువా అంత కూడా లేదు. దానికి బంతిపూల దండ వేశారు. విభూతి పట్టీలు పెట్టారు. అల్లుడిలా కూర్చుంది.

"శీనప్ప లేకుండా పూజ ఎట్ల చేసేది? రాప్పా, నువ్వే పెట్టు బొట్టు" అన్నాడు గురప్ప. ఓనరు ఆయన. కళ్ళలో నీళ్ళు పెట్టుకున్నాడు కూడా. మా ఆయన తువ్వాలు తీసుకుపోలేదు. ఎడమచేత్తో దానికి కుంకుమ పెట్టి, పక్కన చరిచాడు. కొబ్బరికాయ దాని నెత్తిన కొట్టాలనిపించింది నాకు. దాన్ని తన్నాలనిపించింది. కొత్త చెప్పులు కాబట్టి ఆగాను.

గుమ్మడికాయ పగలగొట్టాక మా ఆయనా గురప్పా బయట నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను పులిహోర తింటూ కూర్చున్నాను. ఏం మాట్లాడుకున్నారో అడగలేదు.

అక్టోబరు 24, బుధవారం

ఫెయిల్.

సమీనా పాసైంది. తనే ఫోన్ చేసి నాది కూడా కంప్యూటర్‌లో చూసి చెప్పింది. చెప్తూ తనే ఏడ్చింది. "కొంచెంలో పోయిందక్కా, రెండు శాతం! ఇంకోసారి ఊరికే రాయనిస్తారు, ఫీజు లేదు." దాన్ని ఓదార్చడానికే సరిపోయింది నాకు.

నాకేం బాధ లేదు. చందాపురలో మేడమీద రూముకి గాలి బాగా వస్తుందట.

నాకేం బాధ లేదు.

అక్టోబరు 28, ఆదివారం

బావగారు వచ్చాడు. దసరా వెళ్ళి వారమైంది, వ్యాను మాట్లాడానన్నాడు. ఫలితం ఇంకా రాలేదని చెబుదామని పొద్దున్నుంచీ నోట్లో నానబెట్టుకుని ఉన్నాను.

ఇద్దరికీ భోజనం వడ్డించాను. మా ఆయన ఎడమచేత్తో కలుపుకున్నాడు. బావగారి ముద్ద నోటి దాకా పోయి ఆగింది.

"ఏమప్పా ఇది! మెస్సులో ఇట్ల తింటే ఎవడన్నా వస్తాడా?"

"మెస్సుకి రాలేదులేన్నా నేను. రాను కూడా."

"మరి? నీ పెండ్లాం కలెక్టరయిందా?"

"ఫెయిలైంది" అన్నాడు మా ఆయన, చారు పోసుకుంటూ. "మళ్ళీ రాస్తాది. ఆ ఆపరేషన్ల పేజీలు నేను సరిగ్గా రాయలా, ఈసారి రాస్తా."

"అంతవరకూ ఏం తింటారు?"

"రేపట్నుంచి గురప్ప కాడికి పోతాండా. ప్రెస్సు మింద కాదు. తయారై వచ్చిన సామాన్లు గేజి పెట్టి సైజు చూసే పని. ఒగ చెయ్యి చాలు."

గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నాకు చెప్పలేదు. ఒక్క మాట చెప్పలేదు. అదే షెడ్డు, అదే మిషన్ పక్కన. ఆ క్షణంలో నాకు చందాపుర కావాలనిపించింది. ఆ గ్రైండరు కావాలనిపించింది, బావగారి తేన్పులు కావాలనిపించాయి. జీవితాంతం పిండి రుబ్బుతాను, ఈయన్ని అక్కడికి పంపొద్దు అని బావగారి కాళ్ళు పట్టుకుందామనిపించింది.

మా ఆయన నా వైపు చూశాడు. నేను ఏం అంటానోనని చూశాడు. బెదురుగానే చూశాడు.

"బావగారూ, వ్యాను వద్దని చెప్పండి" అన్నాను. "మజ్జిగ పొయ్యమంటారా?"

అక్టోబరు 29, సోమవారం

పొద్దున క్యారియరు కట్టాను. ముద్దలు చెయ్యలేదు, అన్నం విడిగా, కూర విడిగా.

"ఏం కాదులేవే" అన్నాడు గుమ్మంలో.

"నేనేమన్నా అన్నానా?" అన్నాను.

ఆయన సందు మలుపు తిరిగాక తలుపేసుకుని కూర్చున్నాను. రాయనన్నది ఇప్పుడు రాస్తున్నాను. ఫిబ్రవరిలో ఒక శుక్రవారం, గురప్ప షెడ్డులో, ప్రెస్సు కింద మా ఆయన కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. చూపుడు వేలు, నడిమి వేలు. ఫోనొచ్చినప్పుడు నేను బట్టలు ఆరేస్తున్నాను. తడిబట్టలు బకెట్లోనే వదిలేసి పరుగెత్తాను. గాయం మానిపోయింది. ఇక ఇంతే, ఇలాగే ఉంటుంది.

రాస్తే ఏమీ అవ్వలేదు. ఇల్లు కూలలేదు.

ఆపరేషన్ల పేజీలు తీసి కూర్చున్నాను. ఒక్క ముక్క ఎక్కలేదు. వీధిలో ఆటో ఆగితే లేచాను, ఫోన్ మోగితే లేచాను. ఫోన్ చేసింది సమీనా, చదువుతున్నావా అక్కా అని. చదువుతున్నా అని అబద్ధం చెప్పాను.

సాయంత్రం గేటు చప్పుడైంది. చెప్పులు విడిచే దాకా కూడా ఆగలేకపోయాను. ఎదురెళ్ళి రెండు చేతులూ పట్టుకుని తిప్పి చూశాను. గ్రీసు మరకలు, ఆ పాత వాసన.

"లెక్క పెట్టుకో" అన్నాడు నవ్వుతూ. "పొద్దున నువ్వు పంపినన్నీ ఉండాయి."

నేను నవ్వలేదు. ఒక్కొక్కటీ పట్టుకుని లెక్కపెట్టాను. ఎనిమిదీ ఉన్నాయి.